గవరయ్య శెట్టి కారుకి పట్టిన దిష్టి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా చిన్నతాత బొంతల సూరన్న. బండి చక్రాలకి ఇనప పట్టాలు వేసే పని ఆయనది. పట్టా కొలిమిలో కాలుతుండగా కథ మొదలెట్టి, అది చల్లారేలోగా ముగించేవాడు. ఆయన ఎలా చెప్పాడో నేనూ అలాగే చెబుతున్నాను. నాకు రాత అంతగా రాదు. అక్షరం వంకర పోతే పోనివ్వండి, మాట మాత్రం వంకర పోదు. ఈ కథని ఇంకోలా చెప్పుకు తిరిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ సంగతి చివర చెబుతాను.

అనగా అనగా, ఏనుగులు ముసలివై మోటార్లు ఇంకా పడుచుగా ఉన్న రోజుల్లో, మందారవాడ అనే పట్నం ఉండేది.

ఆ పట్నానికో రాజు. ఆ రాజుకో ఏనుగు. ఏనుగుకి మోకాళ్ళు పట్టేశాయి, లేవమంటే కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. రాజావారు జాలిగుండె గలవారు. దాన్ని అలాగే పడుకోనిచ్చి, ఊరేగింపులకి తవిటయ్య అనే బండివాడి జట్కాలో వెళ్ళేవారు.

అదే పట్నంలో గవరయ్య శెట్టి అని బెల్లం వర్తకుడు ఉండేవాడు. చేతికి తెలివి ఉంది, ఇంటికి కలిమి ఉంది, మనసుకి మాత్రం నమ్మకం లేదు. పాలలో నీళ్ళు వెతికేవాడు, నీళ్ళలో ఇంకేదో వెతికేవాడు. ఆయన నేరేడుపండు రంగు కారొకటి కొన్నాడు. మందారవాడ మొత్తానికి అదొక్కటే కారు. దాన్ని నడపడానికి గంగులు అనే మనిషిని పెట్టుకున్నాడు.

ఒకనాడు కోటనుంచి కబురొచ్చింది. "గవరయ్యా, ఈ ఏడు ఏరువాక పున్నమికి నీ కారులో పొలానికి వెళ్తాం."

ఏరువాక అంటే ఆ రాజ్యంలో చిన్న సంగతి కాదు. పొద్దు తాటిచెట్టెత్తు ఎక్కేలోగా రాజు తన చేత్తో తొలిచాలు దున్నాలి. ఆ తరువాతే రైతులు నాగలి పట్టాలి. ముహూర్తం దాటిందా, మళ్ళీ మంచిరోజు వచ్చేదాకా ఎవరి ఎద్దూ కదలదు, ఎవరి విత్తనమూ నేలలో పడదు.

గవరయ్యకి ఛాతీ ఉబ్బింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. రాజు ఎక్కబోయే కారు మీద ఊరి కళ్ళన్నీ పడవూ?

అందుకని ఒక నిమ్మకాయ, కొన్ని పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కారు ముందు కట్టాడు. తెల్లారి చూస్తే దారం ఉంది, నిమ్మకాయ లేదు.

"పోయిందంటే ఎవరో తీశారు," అనుకున్నాడు గవరయ్య. "తీశారంటే ఏదో చెయ్యాలనే తీశారు."

ఎవరినీ అడగలేదు. అడిగితే జాగ్రత్త పడిపోతారని ఆయన భయం. ఎవరూ చూడని చోట దిష్టి కట్టాలని నిశ్చయించుకుని కారు బానెట్టు ఎత్తాడు. లోపలంతా నూనె జిడ్డు. ఓ మూల నల్లటి పెట్టె కనిపించింది. దానికి పైన రెండు కొమ్ములు, కొమ్ములకి బిగించిన ఇత్తడి పట్టీలు. దేవుడు తన కోసమే అమర్చినట్టుంది. నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, ఒక్కో కొమ్ము మీద ఒక్కో చెక్క గుచ్చాడు. చుట్టూ నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ చుట్టాడు. బానెట్టు దించి, గొలుసు వేసి, తాళం పెట్టి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

ఇక నా కారు జోలికి ఎవరు వస్తారో చూస్తాననుకున్నాడు.

ఎవరూ రాలేదు. కాని కారు మొరాయించడం మొదలెట్టింది.

ఇదివరకు మీట నొక్కితే సకిలించిన గుర్రంలా లేచేది. ఇప్పుడు, నులకమంచం మీంచి లేవలేని ముసలాడు గొంతు సవరించుకున్నట్టు, గుర్ర్... గుర్ర్... గుర్ర్... అని ఆగి, కాస్త ఆలోచించుకుని, దగ్గి, అప్పుడు లేచింది.

"బాబూ, ఓసారి బానెట్టు తీసి చూస్తాను," అన్నాడు గంగులు.

"ఏం చూస్తావు?"

"చూస్తేగదా బాబూ, ఏం చూడాలో తెలిసేది."

జవాబు తిన్నగా ఉంది. అదే గవరయ్యకి నచ్చలేదు. ఇంత తిన్నగా జవాబు చెప్పాడంటే ముందే తయారు చేసి పెట్టుకుని ఉండాలి.

"నువ్వు చూడనక్కర్లేదు. నేను చూస్తున్నాను," అన్నాడు. ఆయన చూస్తున్నది కారుని కాదు, గంగుల్ని.

పెట్రోలు దొంగిలిస్తున్నాడని మొదటి అనుమానం. సాయంత్రం గంగులు ఇంటికి వెళ్ళబోతుంటే ఆపి, తువ్వాలు తీసుకుని వాసన చూసేవాడు. అన్నం క్యారేజీ మూత తీసి లోపలికి తొంగిచూసేవాడు. గంగులు మూత పెట్టుకుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

"తప్పు చెయ్యనివాడికి కోపం రాదా?" అనుకునేవాడు గవరయ్య. కోపం వచ్చి ఉంటే, తప్పు చేశాడు కనకే వచ్చిందనుకునేవాడు.

పెట్రోలు ట్యాంకు మూత మీద లక్క కరిగించి పోసి, తన ఉంగరంతో ముద్ర వేశాడు. మర్నాడు లక్క చెక్కుచెదరలేదు. కారు ఇంకా ఆలస్యంగా లేచింది.

"లక్క ఊడకుండా తీసే విద్య కూడా వీడికి తెలుసన్నమాట," అనుకుని, దిష్టి బలం చాలడంలేదని ఇంకో నిమ్మకాయ కోశాడు. పాతచెక్కలు తీస్తే రక్ష పోతుందని వాటి మీదే కొత్తచెక్కలు గుచ్చాడు. పులుపు బొట్లుబొట్లుగా ఇత్తడి పట్టీల మీదికి కారింది. గవరయ్య అది చూడలేదు. బానెట్టు దించుతూ వీధివైపు చూస్తున్నాడు.

ఆ నిమ్మకాయలు ఎక్కడివంటారా? ఆయన భార్య కన్యకమ్మ ఊరగాయ పెట్టడానికి తెప్పించుకున్నవి. గంపలోంచి చప్పుడు కాకుండా తీసేవాడు.

"ఏవండీ," అంది కన్యకమ్మ ఒకపూట. "నిమ్మకాయలు తగ్గిపోతున్నాయి. ఎవరు తీస్తున్నారు?"

గవరయ్య నోరు తడబడలేదు. "తవిటయ్య మేక తిరుగుతోందిగా."

"మేక వచ్చి, మూత తీసి, తిని, మళ్ళీ మూత పెట్టి వెళ్తోందా?"

"ఈ కాలం మేకల్ని నమ్మకూడదు."

కన్యకమ్మ ఆయన వైపు ఓసారి చూసింది. తరువాత చేతిలోని ఇత్తడిగిన్నె చూపించింది. దాని అడుగున ఆకుపచ్చగా పొక్కులు కట్టింది. "ఆ మేకే కాబోలు, కోసిన నిమ్మచెక్కలు కళాయి పోయిన గిన్నెలో వదిలేసి వెళ్ళింది. ఎంత చిలుము పట్టిందో చూడండి. ఇత్తడికి పులుపు తగలనివ్వకూడదని మేకకి ఎవరూ చెప్పలేదు పాపం."

గవరయ్య వినీ విననట్టు వీధరుగు మీదికి వెళ్ళిపోయాడు.

అరుగు ముందునుంచి తవిటయ్య జట్కా పోతోంది. ఆ వేళకి గంగులు కారు లేపడానికి తంటాలు పడుతున్నాడు. గుర్ర్... గుర్ర్...

"శెట్టిగారూ," అన్నాడు తవిటయ్య కళ్ళెం బిగించి. "ఇంత పచ్చగడ్డి పంపించనా? ఆకలి మీదుందేమో."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. గవరయ్య నవ్వలేదు. రాజుగారి సవారీ పోయినవాడు నవ్వుతున్నాడంటే ఆ నవ్వు వెనక ఏదో ఉండాలి. అది రెండో అనుమానం. కన్నుపడిందని కారు చుట్టూ మనిషెత్తు తాటాకు దడి కట్టించాడు. మళ్ళీ నిమ్మకాయలు కోశాడు. కారు ఇంకా కుంగింది.

ఒకసారి దడి వెనక నక్కి కూర్చున్నాడు. అవతల తవిటయ్య, గంగులు మాట్లాడుకుంటున్నారు.

"ఎందుకురా ఈ తిప్పలు? ఆ తాళం ఎంత, ఓ మేకు పెట్టి తిప్పితే ఊడొస్తుంది. లోపల ఏముందో చూసుకో," అంటున్నాడు తవిటయ్య.

"తాళం ఆయనది మామా. తియ్యమని ఆయనే అనాలి," అన్నాడు గంగులు.

"ఏరువాకనాడు కారు లేవకపోతే నిన్ను ఊళ్ళోంచి తరిమేస్తానన్నాడటగా?"

"అన్నాడు. ఇంట్లో దానికి చెప్పలేదు. మూటలు సర్దమని ఎలా చెప్పను?"

ఈ మాటలు విన్న ఇంకెవరికైనా మనసు కరిగేది. గవరయ్య గడ్డం గోక్కున్నాడు. "నేను ఇక్కడున్నానని తెలిసే అన్నాడు," అనుకున్నాడు.

ఏరువాక ఇంకో నాలుగు రోజులుందనగా దడిలోపల మేక కనిపించింది. తవిటయ్య మేకే, పేరు చుక్క. ముందుకాళ్ళు కారు మీద పెట్టి, బానెట్టు సందులో ముక్కు దూర్చి వాసన చూస్తోంది. ఇదే మూడో అనుమానం. గవరయ్య కర్ర ఎత్తాడు.

"శెట్టీ, కొట్టేముందు అడగవా?" అంది చుక్క.

ఆ రోజుల్లో మేకలు మాట్లాడేవి. మనుషులే వినేవాళ్ళు కాదు.

"ఏం అడగాలే నిన్ను? ఆ రోజు నా నిమ్మకాయ తిన్నది నువ్వేనా?"

"నేనే. నిమ్మకాయ తిన్నాను, మిరపకాయలు ఉమ్మేశాను, దారం నీకు వదిలేశాను. ఇప్పుడు లోపలినుంచి కుళ్ళిన నిమ్మకాయ వాసన వస్తోంది. అందులో..."

"ఒప్పుకుంది," అన్నాడు గవరయ్య, తక్కినది విననే లేదు. "నిన్ను పంపింది తవిటయ్య. రాజావారి ముందే నీ సంగతి తేలుస్తాను." దాని మెడకి పలుపు వేసి దడి గుంజకి కట్టేశాడు. ఆ పూట ఇంకా ఎక్కువ చెక్కలు గుచ్చి, తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

ఏరువాక పున్నమి వచ్చింది.

పొలంలో రాజావారి ఎడ్లు కొమ్ములకి రంగులు పూయించుకుని నిలబడ్డాయి. గట్టు మీద రైతులు విత్తనాల బుట్టలతో బారులు తీరారు. ఇక్కడ గవరయ్య ఇంటి ముందు రాజావారు కారెక్కి కూర్చున్నారు. వీధి వీధంతా అక్కడే ఉంది. తూర్పున పొద్దు ఎర్రగా పైకి లేస్తోంది.

గంగులు నమస్కారం చేసుకుని మీట నొక్కాడు.

గుర్ర్... గుర్ర్... ఆగింది.

మళ్ళీ నొక్కాడు. గుర్ర్... అని ఒక్కసారి మూలిగింది.

మూడోసారి నొక్కాడు. టక్కుమంది, అంతే. కారు ముందుదీపాలు కూడా కునుకు పట్టిన కళ్ళలా సన్నగిల్లాయి.

కారు కదలలేదు. పొద్దు మాత్రం ఆగలేదు.

"జట్కా కట్టనా ప్రభూ?" అన్నాడు తవిటయ్య.

"కట్టి వెళ్ళేసరికి ముహూర్తం దాటిపోతుంది," అన్నారు రాజావారు. "గవరయ్యా, ఏమిటిది?"

గవరయ్య ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ముందుకొచ్చాడు. "ప్రభూ, ముగ్గురు దొంగలు కలిసి నా కారుని పాడుచేశారు. పెట్రోలు తీసినవాడు వీడు. కన్నుపెట్టినవాడు వాడు. దొంగచాటుగా దూరింది ఈ మేక."

"గంగులూ, నువ్వేమంటావు?"

"పెట్రోలు తీయలేదు ప్రభూ. కారుకి ఏమైందో నాకు తెలీదు. నన్ను చూడనివ్వలేదు. ఊహించి చెప్పమంటే చెప్పలేను."

"తవిటయ్యా?"

"నవ్విన మాట నిజం ప్రభూ. కారుని ముట్టుకోలేదు."

రాజావారు మేక వైపు తిరిగారు. "నీ సంగతి?"

"ఒక్క నిమ్మకాయ తిన్నాను రాజా," అంది చుక్క. "అది బయట కట్టింది. లోపల చాలా ఉన్నాయి. అవి నేను పెట్టలేదు, తినడానికి ఆ సందులో నోరూ పట్టలేదు. ఎవరు పెట్టారో, తాళంచెవి ఎవరి మొలకి ఉందో వాళ్ళని అడగండి."

అందరి కళ్ళూ గవరయ్య మొలతాడు మీద పడ్డాయి.

ఆయన చెయ్యి అప్రయత్నంగా తాళంచెవిని మూసేసింది. "ఇంతమంది ఎదుట బానెట్టు తీస్తే దిష్టి తగులుతుంది ప్రభూ. అన్నాళ్ళ రక్ష ఒక్క క్షణంలో పోతుంది."

రాజావారు పొద్దు వైపు చూశారు. తాటిచెట్టు సగం దాటింది.

కన్యకమ్మ గడపలోనుంచి కదిలి వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు. "ఏవండీ. గట్టు మీద అంతమంది విత్తనాలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఎవరు మీకు దిష్టి పెట్టారో చెప్పండి, తీయక్కర్లేదు. చెప్పలేకపోతే తీయండి."

గవరయ్య నోరు తెరిచాడు. ఒక పేరు కోసం వెతికాడు. ఇన్నాళ్ళూ నాలుక చివరనే ఉన్న పేర్లు ఒక్కటీ అందలేదు. మొలతాడు ముడి విప్పి తాళం తీశాడు.

బానెట్టు ఎత్తగానే పుల్లటి కంపు గుప్పుమంది. నల్లపెట్టె మీద బూజుపట్టిన నిమ్మచెక్కలు గుట్టగా ఉన్నాయి. వాటి కింద ఇత్తడి పట్టీలు కనిపించడమే లేదు. తెల్లగా, ఆకుపచ్చగా పొక్కులు పొక్కులుగా పేరుకుపోయింది.

గంగులు దగ్గరికి వంగి చూశాడు. "బాబూ, ఈ పెట్టెలోంచే కారుకి సత్తువ వెళ్ళాలి. దారి మూసుకుపోయింది."

కన్యకమ్మ కూడా చూసింది. "నా గిన్నె," అంది. "నా గిన్నెకి పట్టిన చిలుమే ఇది. ఊరగాయ నిమ్మకాయలు ఎటు పోయాయో ఇప్పుడు తెలిసింది. ఆ మేకకి కాళ్ళు రెండే."

తవిటయ్య నవ్వబోయి, రాజావారిని చూసి మింగేశాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. రాజావారి కాళ్ళు కడగడానికి కాచిన వేణ్ణీళ్ళు పొయ్యి మీద ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిలో గుప్పెడు తినేసోడా కలిపి తెచ్చింది. గంగులు పట్టీలు ఊడదీసి పట్టుకుంటే ఆమె పోసింది. చిలుము బుసబుసా పొంగి కరిగి కారిపోయింది. గంగులు కొమ్ముల్నీ పట్టీల్నీ కత్తితో గీకి, తువ్వాలుతో తుడిచి, మెరిసేదాకా తోమి, తిరిగి బిగించాడు. గవరయ్య రోజూ వాసన చూసిన తువ్వాలే అది.

గంగులు మీట నొక్కాడు.

కారు ఒక్క తిప్పుకి లేచింది.

ఎవరూ కేకలు పెట్టలేదు, అంత తీరిక లేదు. దుమ్ము లేపుకుంటూ పోయింది. పొలానికి చేరేసరికి పొద్దు తాటికమ్మల్ని తాకుతోంది. రాజావారు చెప్పులు విడిచి పరుగున వెళ్ళి మేడి పట్టారు. పొద్దు తాటికొన దాటింది ముందా, నాగలి నేలలో దిగింది ముందా అని చెప్పడం కష్టం. నాగలే ముందన్నారు రైతులు. విత్తనం చేతిలో ఉన్నవాడు ఇంకేమంటాడు?

ఏరువాక ముగిశాక రాజావారు గవరయ్యని పిలిపించారు. గంగులు, వెనక జట్కాలో వచ్చిన తవిటయ్య, కన్యకమ్మ, మేక అందరూ గట్టు మీదే ఉన్నారు.

"గవరయ్యా, మొదట తాళంచెవి గంగులు చేతిలో పెట్టు," అన్నారు.

పెట్టాడు.

"రెండోది, మేక మెడలో పలుపు నీ చేత్తో విప్పు."

విప్పాడు. చుక్క తల విదిల్చుకుని, ఆయన చెయ్యి ఓసారి వాసన చూసి, మొహం తిప్పుకుంది.

"మూడోది. బానెట్టులోంచి తీసిన ఆ దండ నీ మెళ్ళో వేసుకుని, తిరుగు ఊరేగింపులో కారు ముందు నడువు. మా మీద ఎవరి కన్నూ పడకుండా చూసుకో."

గవరయ్య నడిచాడు. బూజుపట్టిన నిమ్మకాయలు, వాడిపోయిన మిరపకాయలు మెడలో ఊగుతుంటే, ఊరు ఊరంతా ఆయన్నే చూసింది. వెనక కారు మెత్తగా కదులుతోంది. దాన్ని ఒక్కరూ చూడలేదు. నిజానికి దిష్టి దండ మొదటిసారి పనిచేసింది అప్పుడే.

సాయంత్రం గంగులు క్యారేజీ పట్టుకుని ఇంటికి బయల్దేరాడు. అలవాటుకొద్దీ అరుగు దగ్గర ఆగి, మూత తీసి చూపించాడు. గవరయ్య ఆ ఖాళీ గిన్నె వైపు చూడలేకపోయాడు.

"మూసేసుకో గంగులూ," అన్నాడు. "తప్పు నాది."

"రేపు ఎన్నింటికి రమ్మంటారు బాబూ?"

"నువ్వే చెప్పు. తాళం నీ దగ్గరేగా ఉంది."

ఇదీ కథ. మా చిన్నతాత చెప్పింది ఇంతే.

మా ఎదురువీధి గుండాల సత్తిరాజు మాత్రం, మేక తీగ కొరికిందనీ అందుకే కారు లేవలేదనీ చెప్పుకు తిరిగాడు. రచ్చబండ మీద నేను లేచి కాదన్నాను. అందరి ముందూ నన్ను చదువులేనివాడన్నాడు. ఆ పూట పోయిన మాటలు మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ తిరిగి రాలేదు, రావు కూడా. నాకు చదువు లేకపోతే పోయింది, చుక్క తీగ కొరకలేదు. గవరయ్య వేసిన నింద రాజుగారి ముందు తీరిపోయింది. సత్తిరాజు వేసిన నింద ఇంకా ఆ మేక నెత్తిన ఉంది. అతని నోట ఈ కథ విన్న పిల్లలు పెద్దవాళ్ళై ఊళ్ళ మీద ఉన్నారు. రాత బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఆ తప్పు దిద్ది, పదిమందీ చదివేలా సరైన కథ రాయండి. రాసేటప్పుడు కింద నీతి కూడా ఇలాగే పెట్టండి: అనుమానంతో తాళం వేసుకున్నవాడు ఊరందరినీ బయట నిలబెట్టి, అసలు తప్పుని లోపల పెట్టి కాపాడుకుంటాడు.